రెక్టిఫై మూడు ఎపిసోడ్లకే ఆపేసిన రచయితకు: రహస్యం ఎన్నో ఎపిసోడ్‌లో బయటపెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరు ఎపిసోడ్ల వెబ్ సిరీస్ రాస్తున్నారు. చిన్న ఊరు, ఒక కుటుంబం, ఓ పాత రహస్యం. అమెరికా దక్షిణాది ఊళ్ళ మీద వచ్చిన డ్రామాలు చూసి నేర్చుకోమని నిర్మాత అన్నారు. మీరు వాటిలో రెక్టిఫై అనే సిరీస్ మొదలుపెట్టి మూడు ఎపిసోడ్లకే విసిగిపోయారు. "హత్య ఎవరు చేశారో చెప్పరు, ఎవరూ గట్టిగా అరవరు, దీన్లో మనం నేర్చుకునేదేముంది, అసలు రహస్యాన్ని ఎన్నో ఎపిసోడ్‌లో బయటపెట్టాలి" అని అడిగారు.

నేను 22 ఏళ్ళుగా డైలీ సీరియల్స్‌కి రాస్తున్నాను. మొదట్లో డైలాగులు మాత్రమే, తర్వాత కథ, స్క్రీన్‌ప్లే కూడా. ఆసుపత్రిలో పిల్లల్ని మార్చేశాను, చచ్చిపోయినవాళ్ళని మూడొందల ఎపిసోడ్ల తర్వాత బతికించి తీసుకొచ్చాను, తలుపు చాటున నిలబడి వినే తోడికోడళ్ళని ఎంతమందిని రాశానో లెక్కలేదు. కాబట్టి సీరియల్స్ అంటే చులకన ఉన్న మనిషి మాటల్లా ఇవి తీసుకోకండి, కింద చెప్పే తప్పులన్నీ నా చేత్తో చేసినవే. ఇంకో మాట, ఈ జవాబులో కథలు బయటపడతాయి. రెక్టిఫై, బ్లడ్‌లైన్ చాలావరకు చెప్పేస్తాను. షార్ప్ ఆబ్జెక్ట్స్ చివర మాత్రం చెప్పను, అది చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు.

తిరకాసు మీ ప్రశ్నలోనే ఉంది. ఎప్పుడు బయటపెట్టాలి అంటున్నారంటే రహస్యాన్ని బీరువాలో పెట్టి తాళం వేసిన నగలా చూస్తున్నారన్నమాట. తాళం తీసేదాకా లోపల ఏముందో చూసేవాడికి తెలియకూడదు, తీయగానే అందరూ నోరెళ్ళబెట్టాలి. మేం సీరియల్స్‌లో చేసేది అచ్చంగా అదే. కానీ చిన్న ఊళ్ళో రహస్యం నిజంగా అలా ఉంటుందా? మీ ఊరే గుర్తు తెచ్చుకోండి. ఫలానా ఇంట్లో ఇరవయ్యేళ్ళ కింద ఏం జరిగిందో కిళ్ళీకొట్టు అతనికి తెలుసు, గుళ్ళో పూజారికి తెలుసు, రిటైరైన మాస్టారికి తెలుసు. వీళ్ళందరికీ తెలుసన్న సంగతి ఆ ఇంటివాళ్ళకీ తెలుసు. అయినా ఎవరూ ఎత్తరు, ఎత్తకపోవడానికి ఒక్కొక్కరికి ఒక్కో సొంత కారణం ఉంటుంది. మీరు రాయాల్సింది ఆ కారణాల కథ.

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి వైపు. మా చిన్నప్పుడు ఆ వైపు చుట్టాల ఇళ్ళల్లో ఏ పెళ్ళైనా ఒకాయన వచ్చేవాడు, పంక్తి వడ్డనంతా దగ్గరుండి చూసుకునేవాడు, చెమటలు కక్కుతూ సాంబారు బకెట్టు మోసేవాడు. మా పెద్ద తాతయ్య పోలికలు ఆయన మొహంలో అచ్చుగుద్దినట్టు కనిపించేవి. కాలవకి అవతల గట్టున ఇంకో ఇల్లు ఉండేదని నాకు పదిహేనేళ్ళు వచ్చాక అర్థమైంది. శుభలేఖలో ఆయన పేరు ఎప్పుడూ వేయలేదు. ఫొటోలకి పిలిచేవాళ్ళు కాదు, కానీ ఆయన తినకుండా వెళ్ళిపోతే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు, విస్తరి వేసి తనే కూర్చోబెట్టేది. ఒక్కసారి కూడా ఎవరూ గొంతు ఎత్తి మాట్లాడలేదు. బయటపడ్డానికి అక్కడ ఏమీ మిగల్లేదు, అందరికీ తెలిసిందే. అయినా ఆ వంటపందిట్లో ఉన్న టెన్షన్ నేను రాసిన ఏ సీరియల్‌లోనూ లేదు.

ఇది మనసులో పెట్టుకుని అమెరికావాళ్ళవి చూడండి.

ముందు బ్లడ్‌లైన్ సంగతి, ఎందుకంటే దాని లెక్క సులువుగా కనిపిస్తుంది. 2015లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది, మూడు సీజన్లు, 33 ఎపిసోడ్లు. ఫ్లోరిడా కింద సముద్రంలో తోకలా సాగిన దీవులు, ఫ్లోరిడా కీస్ అంటారు, అక్కడ సముద్రం ఒడ్డున ఒక లాడ్జి నడుపుకునే పరువుగల కుటుంబం, రేబర్న్‌లు. పెద్దకొడుకు డానీ ఎక్కడెక్కడో తిరిగి ఇంటికి వస్తాడు. చిన్నప్పుడు డానీ తన చెల్లెలిని పడవలో తీసుకెళ్ళినప్పుడు ఆ పిల్ల నీళ్ళలో మునిగి చనిపోయింది. ఆ కోపంలో తండ్రి డానీని ఎముకలు విరిగేలా కొట్టాడు. పోలీసులు వచ్చి అడిగితే మిగతా పిల్లలంతా ఒకే మాట మీద నిలబడి, అన్నయ్యని కారు గుద్దింది అన్నారు. ఇంతే రహస్యం. ఇల్లంతా కలిసి చెప్పిన ఒక అబద్ధం. అప్పుడు అబద్ధం చెప్పిన తమ్ముడు జాన్ పెద్దయ్యాక అదే ఊళ్ళో పోలీసు డిటెక్టివ్ అయ్యాడు. ఈ ఒక్క ఏర్పాటులోనే ఎంత కథ ఉందో చూడండి.

వీళ్ళు చేసిన పని ఇంకోటుంది. డానీ చచ్చిపోతాడని, జాన్ వానలో మడ అడవి గుండా ఆ శవాన్ని మోసుకెళ్తాడని మొదటి ఎపిసోడ్ చివర్లోనే చూపించేశారు. మనకైతే అది వందో ఎపిసోడ్ ఇంటర్వెల్ బ్యాంగ్! అదంతా ముందే మన ముందు పరిచేశాక మిగిలిన పన్నెండు ఎపిసోడ్లు మనం ఎందుకు చూస్తామంటే, ఇంత మంచి తమ్ముడు ఆ స్థితికి ఏ దారిలో వెళ్ళాడో చూడాలని. డానీగా వేసిన బెన్ మెండెల్‌సన్‌కి 2016లో ఎమ్మీ అవార్డు వచ్చింది, సోఫాలో ఊరికే కూర్చుని నవ్వినా ఇంట్లోవాళ్ళకి గుండె దడ. ఆ దడ ఎందుకో గమనించండి. డానీ తెలియని సంగతి ఏదీ చెప్పబోవడం లేదు, అందరికీ తెలిసినదాన్ని భోజనాల బల్ల దగ్గర పైకి అనేస్తాడేమో అని భయం.

రెండో సీజన్ నుంచి కథ సన్నబడింది. డానీ పోయాక మిగిలింది శవాన్ని దాచిపెట్టే పని, అంటే మళ్ళీ బీరువా తాళం కథే. దొరుకుతారా లేదా, దొరుకుతారా లేదా. మొదటి సీజన్ చూసి ఆపేస్తే మీకు నష్టం లేదు.

ఇక రెక్టిఫై. నా దృష్టిలో ఈ కోవలో దాన్ని మించింది రాలేదు, మీరు ఆపేశారంటే నాకు కొంచెం బాధేసింది కూడా. 2013 ఏప్రిల్‌లో సండాన్స్ ఛానెల్‌లో మొదలై 2016 డిసెంబర్‌లో ముగిసింది. నాలుగు సీజన్లు కలిపి 30 ఎపిసోడ్లే, మా లెక్కలో అయిదు వారాల సరుకు. రాసినాయన రే మెకినన్, స్వయంగా నటుడు, జార్జియాలో ఏడెల్ అనే చిన్న ఊళ్ళో పుట్టినవాడు. ఆయన ఎవరో తెలుసుకోకముందే ఎపిసోడ్ చూసి ఈయన ఆ మట్టిలో పుట్టినవాడే అయ్యుంటాడు అనిపించింది, ఎందుకంటే ఆ ఊరివాళ్ళని ఎక్కడా వెక్కిరించడు.

కథ మీకు తెలుసు. డేనియల్ హోల్డెన్ కుర్రతనంలో, ప్రేమించిన 16 ఏళ్ళ అమ్మాయిని అత్యాచారం చేసి చంపాడని మరణశిక్ష పడి 19 ఏళ్ళు కిటికీ కూడా లేని గదిలో గడిపాడు. డీఎన్ఏ పరీక్ష ఫలితం వల్ల శిక్ష కొట్టేశారు, ఇంటికి పంపారు. పాలీ అనే ఆ ఊరు కల్పితం. మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్లలో జరిగేది అతను బయటికి వచ్చాక మొదటి ఆరు రోజులు. మీరు మూడు చూశారంటే మూడు రోజులు చూశారు. 19 ఏళ్ళు నాలుగు గోడలు తప్ప ఏమీ చూడనివాడు మూడు రోజుల్లో ఏం చేయాలి చెప్పండి? అటక మీద పాత క్యాసెట్లు వెతుక్కుంటాడు, అంతే చేస్తాడు.

హంతకుడు ఎవరో చెప్పరు అన్నారు. కానీ మొదటి ఎపిసోడ్‌లోనే, అప్పట్లో డేనియల్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఒకడు నది ఒడ్డున తనని తాను కాల్చుకుంటాడు, రెండోవాడు అది చూస్తూ నిలబడతాడు. అంటే అసలు సంగతి ఎక్కడో ఉందని మనకి సగం చెప్పేశారు. ఆ మిగతా సగం డేనియల్‌కే సరిగ్గా గుర్తులేదు. ఆ రాత్రి మత్తు పుట్టగొడుగులు తిని ఉన్నాడు, పోలీసులు గంటల తరబడి కూర్చోబెట్టి ఒప్పించింది ఏది, తను నిజంగా చేసింది ఏది, ఆ రెండూ విడదీసుకోలేడు. ఇక్కడ నేను రచయితగా చేతులెత్తి దండం పెట్టాను. రహస్యం ఎవరి గురించో వాడి దగ్గరే లేదు! వాడు నిర్దోషి అని చెల్లెలు నమ్ముతుంది, తల్లి నమ్ముతుంది, ఊళ్ళో సగం మంది నమ్మరు, వాడు మాత్రం ఏ పక్షానా నిలబడలేడు. శిక్ష పడేలా వాదించిన ప్రాసిక్యూటర్ ఈపాటికి సెనేటర్ అయ్యాడు, ఆయన రాజకీయ జీవితం ఆ తీర్పు మీదే నిలబడి ఉంది. ఆయన ఒప్పుకోలేడు. చచ్చిపోయిన అమ్మాయి అన్నకి 19 ఏళ్ళుగా ద్వేషించడానికి ఒక మనిషి కావాలి, అతనూ ఒప్పుకోలేడు. నిజం బయటికి రాకుండా తలా ఒక చెయ్యి వేసి ఎలా పట్టుకున్నారో చూడండి, వీళ్ళలో సగం మంది మంచివాళ్ళే.

కానీ మీరు నేర్చుకోవాల్సిన సీన్ హత్యకి సంబంధించింది కాదు. అది మొదటి సీజన్ చివర్లో వస్తుంది, మీరు అక్కడిదాకా రాలేదు.

డేనియల్‌కి మారుటి సోదరుడు ఒకడు ఉంటాడు, టెడ్డీ. తల్లి రెండో పెళ్ళి చేసుకున్నాయన కొడుకు. టైర్ల షాపు నడుపుతుంటాడు, వాగుడుకాయ, డేనియల్ అంటే లోలోపల భయం, తన భార్య టానీ డేనియల్ మీద చూపించే జాలి అంటే ఇంకా భయం. షాపులో ఓ మాట జారతాడు. డేనియల్ వెనక నుంచి గొంతు పట్టుకుని స్పృహ తప్పేదాకా బిగిస్తాడు, తర్వాత ప్యాంటు లాగేసి కాఫీ పొడి పోసి అవమానించి వెళ్ళిపోతాడు. జైల్లో తనకి జరిగినదాని నీడ అది, చూస్తున్న మనకి తెలుస్తూనే ఉంటుంది. అప్పటిదాకా మనం జాలిపడుతున్న మనిషి చేసిన పని ఇది.

ఇప్పుడు టెడ్డీ ఏం చేయాలి? పోలీసులకి చెబితే డేనియల్ మళ్ళీ లోపలికి పోతాడు, టెడ్డీకి కావాల్సింది అదే. అయినా వెంటనే చెప్పడు. ఎందుకంటే చెప్పాలంటే తనకి ఏం జరిగిందో కూడా చెప్పాలి. మగాడినని ఊరంతా తిరిగేవాడు ఆ మాట నోటితో ఎలా అంటాడు? ఆ సిగ్గు వాడి కాపురాన్ని ఎలా తినేస్తుందో, భార్యని ముట్టుకునే తీరు ఎలా మారుతుందో, ఇంట్లో ఒక్కొక్కరికీ ఆ సంగతి ఎలా పొక్కుతుందో తర్వాతి సీజన్లలో చూస్తారు. 19 ఏళ్ళ నాటి హత్య కంటే ఈ చిన్న రహస్యమే ఆ కుటుంబాన్ని ఎక్కువగా చీలుస్తుంది. పెద్ద రహస్యం ఊరిది, చిన్న రహస్యం ఇంటిది. మీ ఆరు ఎపిసోడ్లకి ఈ చిన్నది కావాలి, మీ నిర్మాత మాత్రం పెద్దదాని గురించే అడుగుతున్నాడు.

ఇంకోటి కూడా చెప్పాలి, వంటిల్లు. రెండో సీజన్‌లో డేనియల్ అమ్మకి మేలు చేద్దామని ఇంట్లో వంటగది పగలగొట్టడం మొదలుపెడతాడు. మారుతండ్రి వచ్చి చూస్తే గోడలు ఊడి ఉంటాయి. ఆయన కోపమంతా వంటగది మీదే మాట్లాడతాడు. అలమరలు, గట్టు, ఎప్పటికి పూర్తవుతుంది, ఎవరిని అడిగి ముట్టుకున్నావు. నా ఇంట్లో నీకు చోటెంత అనే ప్రశ్న ఒక్కసారి కూడా నోటి దాకా రాదు. ఇంట్లో గొడవ అసలు విషయం మీద జరగదండీ, నీళ్ళ మోటారు మీద, గేటు తాళం మీద, పెరుగు ఎవరు అయిపోగొట్టారన్నదాని మీద జరుగుతుంది. నేను ఆ వంటగది చూశాక నా స్క్రిప్టులు తీసి చూసుకుంటే, మా పాత్రలన్నీ మనసులో మాట సూటిగా చెప్పేసుకుంటున్నాయి, కోర్టు వాంగ్మూలాల్లా.

చివరికైనా తేలుతుందా అంటే, నాలుగో సీజన్‌కి కేసు మళ్ళీ తెరుద్దాం అనే దగ్గరికి వస్తుంది, అంతే. ఈలోపు డేనియల్ నేరం ఒప్పుకుని ఊరు వదిలి వెళ్ళిపోవాలనే ఒప్పందానికి సంతకం పెట్టి నాష్‌విల్‌లో ఉంటాడు. చేయని పని ఒప్పుకోవడం నమ్మశక్యంగా లేదని మీరు అనొచ్చు. 2011 ఆగస్టులో అర్కన్సాలో ముగ్గురు యువకులు 18 ఏళ్ళ జైలు తర్వాత, మేం నిర్దోషులమే అని చెప్పుకుంటూనే నేరం ఒప్పుకున్నట్టు కాగితం మీద రాసిచ్చి బయటపడ్డారు, అక్కడి చట్టంలో అలాంటి వెసులుబాటు ఉంది. ఇక ఊరు వదిలి పొమ్మనడం అంటారా, మనం వెలి అంటామే, జార్జియాలో అది ఇప్పటికీ కోర్టు వేసే శిక్ష. రాష్ట్రం బయటికి వెలివేయకూడదని వాళ్ళ రాజ్యాంగంలో రాసుకున్నారు, అందుకని ఉన్న 159 కౌంటీల్లో 158 నుంచి మనిషిని బహిష్కరించి మూలనున్న ఒక్కటి వదిలిపెడతారు. 2008లో అక్కడి సుప్రీంకోర్టు అలాంటి శిక్షని సరేనంది కూడా. మా కథా చర్చల రూములో ఎవరైనా ఇలాంటి ట్విస్ట్ చెబితే లాజిక్ లేదని కొట్టేసేవాళ్ళం.

మా అమ్మాయి ఆల్ఫరెట్టాలో ఉంటుంది. అట్లాంటాకి ఉత్తరాన ఆ చుట్టుపక్కల మనవాళ్ళు బోలెడుమంది, అక్కడున్నప్పుడు మీకు సౌత్‌లో ఉన్నట్టే అనిపించదు, గుడి, దోశ, శనివారం తెలుగు క్లాసు. ఓ ఆదివారం పట్టుబట్టి గ్రిఫిన్ తీసుకెళ్ళమన్నాను. అట్లాంటా దాటి దక్షిణంగా వెళ్ళాలి. రెక్టిఫై తీసింది ఆ ఊళ్ళోనే. చూడ్డానికి ఏముంది, పాత ఇటుక దుకాణాలు, చర్చిలు, ఎండ. మా అల్లుడు పాపం ఏమీ అనలేదు గానీ, దీనికోసమా రెండు గంటలు అన్నట్టు చూశాడు. నాకు మాత్రం ప్రతి ఇంటి ముందూ ఉన్న వరండాలు చూస్తే మన అరుగులు గుర్తొచ్చాయి. వరండాలో కూర్చున్నవాడికి రోడ్డు మీద ఎవరు ఎటు పోతున్నారో తెలుస్తుంది, రోడ్డు మీదవాడికి ఈ ఇంట్లో ఎవరున్నారో తెలుస్తుంది. ఇలాంటి చోట దాపరికం ఎక్కడ సాధ్యం, నటన ఒక్కటే సాధ్యం. అపార్ట్‌మెంట్ కథలో ఇది పనిచేయదు, పక్క ఫ్లాట్ వాడి పేరే తెలియనప్పుడు వాడి దగ్గర దాచడానికి ఏముంటుంది?

అక్కడికి దగ్గర్లోనే బార్న్స్‌విల్ అని ఇంకో ఊరు, షార్ప్ ఆబ్జెక్ట్స్‌లో ఊరి సీన్లు అక్కడ తీశారు. కథలో అది మిజోరీ రాష్ట్రంలో విండ్ గ్యాప్ అనే ఊరు. మళ్ళీ ఇంకోవైపు కవింగ్టన్, కోర్టు గడియారం ఉన్న చక్కటి చౌరస్తా, వాంపైర్ డైరీస్ నుంచి స్వీట్ మాగ్నోలియాస్ దాకా సిరీస్‌లు తీసింది అక్కడే. ఈ ఊళ్ళన్నీ జార్జియాలోనే ఎందుకంటే కళ కాదు, డబ్బు. 2008 నుంచి అక్కడ ఖర్చు పెట్టినదాంట్లో 20 శాతం పన్ను రాయితీ, చివర్లో రాష్ట్రం లోగో వేస్తే ఇంకో 10. మీ నిర్మాతకి ఇది చెప్పండి, ఆయనకి ఇదే నచ్చుతుంది.

షార్ప్ ఆబ్జెక్ట్స్ 2018లో హెచ్‌బీఓలో వచ్చింది, ఎనిమిదే ఎపిసోడ్లు. మీ ఫార్మాట్‌కి దగ్గర. చిన్నపిల్లల హత్యల గురించి రాయడానికి ఒక విలేఖరి తను పుట్టిన ఊరికి, తన తల్లి ఇంటికి వస్తుంది. మీరు చూడాల్సింది రెండు. ఒకటి ఫ్లాష్‌బ్యాక్. మనం చేసేది తెలుసుగా, మొహం మీద జూమ్, వీణ చప్పుడు, తెర అలలు అలలుగా వణకడం, తర్వాత పదినిమిషాల గతం. ఇక్కడ జ్ఞాపకం రెండు సెకన్లు వచ్చి పోతుంది, తలుపు తీస్తే చిన్నప్పటి కాలు కనబడుతుంది, అంతలోనే ఇప్పటి గది. అర్థమయ్యేలోపు పోతుంది, అందుకే వెంటాడుతుంది.

రెండోది ఆ ఊరి పండగ. ఏటేటా జరుపుకుంటారు, పిల్లలతో నాటకం వేయిస్తారు. అంతర్యుద్ధం నాటి కథ. దక్షిణ సైన్యంలోని తన భర్త ఎక్కడున్నాడో చెప్పమని శత్రు సైనికులు ఒక చిన్నవయసు పెళ్ళికూతుర్ని చెట్టుకి కట్టి పాడుచేశారు, ఆ పిల్ల నోరు విప్పలేదు, ఆహా ఎంత గొప్ప ఇల్లాలు. ఇదీ ఊరివాళ్ళు పచ్చిక మీద కుర్చీలేసుకుని, చల్లటి పానీయాలు తాగుతూ చప్పట్లు కొట్టే కథ. ఆ తోట, ఆ ఇల్లు విలేఖరి తల్లిది. ఆడపిల్ల నోరు మూసుకుని భరించడాన్ని ఊరు ఊరంతా పండగ చేసుకుంటుంటే, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరు అడుగుతారు? డైలాగు లేకుండా కథంతా చెప్పేశారు. ఆ తల్లి ఎంత మెత్తగా, ఎంత మర్యాదగా మాట్లాడుతుందో వినండి. ఆ వేషం ప్యాట్రీషియా క్లార్క్‌సన్‌ది, గోల్డెన్ గ్లోబ్ అవార్డు ఇచ్చారు, ఇవ్వకపోతే దారుణం అయ్యేది. ఈ మర్యాద మనకి చాలా పనికొచ్చేది. దక్షిణాదివాళ్ళ సర్, మేడమ్‌ల లాగే మనకి గారు, అండీ ఉన్నాయి. మా దగ్గర పాత్రకి కోపం రాగానే నువ్వు, ఏరా అనిపిస్తాం. నిజంగా తెగిపోయిన అన్నదమ్ములు పెళ్ళిలో ఎదురుపడితే "బాగున్నారా అన్నయ్యగారూ" అంటారు. అన్నయ్య పక్కన ఆ గారు చేరిందంటే అయిపోయిందన్నమాట. మీ స్క్రిప్టులో నిజం దగ్గరపడే కొద్దీ మర్యాద పెంచి చూడండి.

క్వీన్ షుగర్ గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే పైన చెప్పినవన్నీ తెల్లవాళ్ళ ఇళ్ళు. లూసియానాలో చెరకు పండించే నల్లజాతి కుటుంబం, తండ్రి పోయాక ముగ్గురు తోబుట్టువుల చేతికి 800 ఎకరాలు. 2016 నుంచి 2022 దాకా ఏడు సీజన్లు, ఏవా డువెర్నే సృష్టి, ప్రతి ఎపిసోడ్‌కీ ఆడవాళ్ళే దర్శకులు. పక్కనున్న పెద్ద చెరకు కామందులు ఒకప్పుడు తమ పూర్వీకులని బానిసలుగా కొనుక్కున్నవాళ్ళేనని ఆ తోబుట్టువులకి తెలుస్తుంది. అదే వాళ్ళతో వ్యాపారం చేయాలి, నవ్వుతూ. ఇంకో పక్క, పొలం నీకే రాశాను అని తండ్రి రాసిన ఉత్తరం తమ్ముడికి దొరుకుతుంది, జేబులో పెట్టుకుని అక్కల మధ్య తిరుగుతాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్ చూసినవాళ్ళకి, పాసుబుక్కులో పేరు కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్ళు చూసినవాళ్ళకి దీనికి సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు. మధ్య సీజన్లు సాగుతాయి, అది ఒప్పుకుంటా.

నా సంగతి ఒకటి. కొన్నేళ్ళ కింద ఒక ఛానెల్‌కి రాసిన సీరియల్‌లో పెద్దకొడుకు ఆ ఇంట్లో పుట్టినవాడు కాదన్నది రహస్యం. నాలుగొందల ఎపిసోడ్లు లాగాం. ఎవరో వినబోతారు, కరెంటు పోతుంది, ఉత్తరం దొరకబోతుంది, పనిమనిషి ఊడ్చేస్తుంది. చివరికి ఓ మహా సంగమం ఎపిసోడ్ పెట్టి, అందరినీ హాల్లో నిలబెట్టి, ఏడుపులతో బయటపెట్టాం. ఆ గురువారం రేటింగ్ చూసి కేక్ కోశారు. మూడో వారానికి పాత అంకె కంటే కింద పడింది, ఎందుకంటే బీరువా ఖాళీ అయింది, మా దగ్గర ఇంకేం లేదు. ఆ తర్వాత ఒక పెళ్ళిలో నేనెవరో తెలిసి ఒక పెద్దావిడ పట్టుకుంది. ఏమడిగిందో తెలుసా? "ఆ ముసలాయనకి మొదటినుంచీ తెలుసు కదమ్మా? తెలిసే కదా ఆ పిల్లాడికి తన గడియారం ఇచ్చాడు?" అంది. ఆ గడియారం సీన్ ఎవరో ఆర్టిస్ట్ డేట్స్ లేక నేను అప్పటికప్పుడు సెట్లో పూరించింది. మాకు అలాంటి ఉద్దేశమే లేదు. చూసేవాళ్ళు మాత్రం ఏడాదిపాటు ఆ తాతయ్య మొహమే చూస్తూ కూర్చున్నారు, ఆయనకి తెలుసు అనుకుంటూ. నా చేతిలో ఉన్న కథ నాకు కనబడలేదు.

అప్పటినుంచి ఏ ట్రాక్ మొదలుపెట్టినా ముందు ఒక కాగితం మీద గీతలు గీస్తాను. ఎడమపక్క పాత్రల పేర్లు. ఒక్కొక్కరికీ మూడు గళ్ళు: ఏం తెలుసు, తనకి తెలుసని ఇంకెవరికి తెలుసు, పైకి అంటే తనకి ఏం పోతుంది. మూడో గడి రాయలేకపోయిన పాత్రని తీసేస్తాను, వాళ్ళు కథలో తలుపు చాటున వినడానికి తప్ప పనికిరారు. టెడ్డీకి గీసి చూడండి, మూడో గడి పొంగిపోతుంది. డేనియల్‌కి మొదటి గడే ఖాళీ. బ్లడ్‌లైన్ జాన్‌కి మూడూ నిండుతాయి. మీ కథలో, మీరు చెప్పినదాన్ని బట్టి, తల్లికి తెలుసు, కొడుకులకి తెలియదు, అంతే ఉంది. చిన్నకొడుక్కి ఎప్పుడో తెలిసిపోయి, అమ్మకి తెలియనివ్వకుండా తిరుగుతున్నాడనుకోండి. ఒక్క బయటపెట్టే సీన్ కూడా రాయకుండా రెండు ఎపిసోడ్లు నడుస్తాయి, అమ్మ అన్నం పెట్టే ప్రతిసారీ.

ఎన్నో ఎపిసోడ్ అని నిర్మాత తప్పకుండా అడుగుతారు కాబట్టి, రెండో ఎపిసోడ్ చివర్లో చూసేవాడికి చెప్పేయండి. పాత్రల మధ్య మాత్రం అయిదో దాకా పలకనివ్వకండి. పలికినా, నా మాట వినండి, హాల్లో అందరినీ నిలబెట్టొద్దు. ఇద్దరు చాలు, అదీ ఏదో పని చేసుకుంటూ. ప్రతి ఎపిసోడ్‌కీ ఒక ట్విస్ట్ కావాలని ఆయన గొడవపెడితే, కొత్త సంగతి కనిపెట్టకుండా పట్టికలో రెండో గడి మార్చండి, అంటే తెలుసని ఎవరికో తెలిసిపోవడం. అది కూడా ట్విస్టే, ఆయనకి తేడా తెలియదు.

మూడు ఎపిసోడ్లు అయిపోయాయి కదా, ఇంకో మూడు చూస్తే రెక్టిఫై మొదటి సీజన్ ముగుస్తుంది. టైర్ల షాపు సీన్ అయ్యాక టెడ్డీ ఇంట్లో భార్య ఎదురుగా ఉన్న చోటల్లా ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. తర్వాత మీ పట్టిక గీసి ఇక్కడ పెట్టండి, పేర్లు మార్చి పెట్టినా ఫర్వాలేదు, మూడో గడి ఒక్కటీ దాచకండి. ఈ వారం నాకు రాత్రి షూటింగులు, ఆదివారం చూస్తాను.